సన్నని ఊపిరికి సరిచేసిన మౌతార్గాన్

కృపాకర్ మౌతార్గాన్‌ను ఇంకొకరు ముట్టుకోవడం డోర్నకల్‌లో ఎవరూ చూడలేదు. ఆయన పదో తరగతి పాసైనప్పుడు, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఉన్న తండ్రి సికింద్రాబాద్ నుంచి తెచ్చి ఇచ్చిన పది రంధ్రాల చిన్న వాద్యం అది. అప్పుడు తమ్ముడు శ్యాం నాలుగో తరగతి. ఒక్కసారి ఊదుతానని వెంటపడితే, "ఎంగిలైతది, పో" అని కృపాకర్ దాన్ని చొక్కా జేబులో వేసుకునేవాడు. నాలుగైదేళ్లు అడిగి అడిగి శ్యాం అడగడం మానేశాడు.

కృపాకర్ తండ్రి లాగే రైల్వేలో చేరాడు. సిగ్నల్ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చిలో పాటల గుంపు పక్కన నిలబడి మౌతార్గాన్ వాయించేవాడు. కీర్తనలో చివరి చరణం ఆయనకే వదిలేసేవాళ్లు. అందరూ నోరు మూసుకుని వినేవాళ్లు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వారమంతా దాచుకున్న మాటలు ఆ చరణంలో చెప్పుకుంటున్నట్టు ఉండేది.

కరోనా రెండో విడత ఊరి మీద పడ్డప్పుడు ఆయన పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికి వచ్చాడు గానీ, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, పోయిన ఊపిరి మళ్లీ రాదని డాక్టర్ చెప్పి పంపాడు. ఇంటికొచ్చిన నెలకు మౌతార్గాన్ తీసి పెదవులకు ఆనించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకాస్త గట్టిగా ఊదబోతే దగ్గు తెర పట్టుకుంది. భార్య మార్తమ్మ నీళ్లు తెచ్చి, "ఇగ దాన్ని పక్కన పెట్టు. పానం కంటె ఎక్కువనా?" అంది. పక్కన పెట్టాడు. రెండేళ్లు దాని పెట్టె తెరవలేదు.

రిటైరయ్యాక ఒక పొద్దున ఏమీ తోచక దాని పైరేకుల మరలు విప్పి చూశాడు. లోపల ఇత్తడి పలక, దాని మీద ఒక కొస బిగించి ఉన్న రీడ్లు, ఊపిరి తగిలితే పలికే సన్నని ఇత్తడి నాలుకలు. ఒక్కో రీడు రెండో కొస పలక నుంచి వెంట్రుకంత పైకి లేచి ఉంది. అది చూడగానే ఆయనకు తాను చేసిన పనే గుర్తొచ్చింది. సిగ్నల్ రిలేలలో రాగి ముక్కల మధ్య ఎడం సరిచేయడమే ఆయన ఉద్యోగం. ఎడం ఎక్కువైతే పని చెయ్యదు, తక్కువైతే అంటుకుపోతుంది. ఇక్కడా అంతే. రీడు ఎంత పైకి లేచి ఉంటే అంత ఊపిరి అడుగుతుంది. కిందికి దించితే కొద్ది ఊపిరికే పలుకుతుంది.

"ఊపిరి పెరగదు గదా మార్తా. ఎడమన్న తగ్గిద్దాం," అన్నాడు.

మొదటి వారం మూడు స్వరాలు పాడుచేశాడు. పళ్లపుల్లతో రీడును మరీ కిందికి నొక్కితే అది పలకకే అతుక్కుని మూగబోయింది. మళ్లీ బ్లేడు కొసతో ఎత్తాడు. ఎక్కువ లేచింది. మళ్లీ దించాడు. అన్నిటికంటే కష్టం దగ్గు. చెయ్యి రీడు మీద ఉండగా దగ్గొస్తే అంతే. అందుకని మార్తమ్మ పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆయన కంటే ముందే ఆమెకు తెలిసేది. ఛాతీ కదలిక చూసి, "ఆగు, వస్తున్నది" అనేది. ఆయన పుల్ల తీసేసేవాడు. దగ్గు పోయాక మళ్లీ వంగేవాడు. పొద్దున వెలుతురు బాగా ఉన్న గంటసేపే పని. లావు స్వరాలకు కాస్త ఎడం ఉంచాలని, సన్న స్వరాలకు అంతకంటే తక్కువ చాలని, ఒక్కటి మారిస్తే పక్కది కూడా చూసుకోవాలని ఒక్కొక్కటిగా తెలిసింది. రంధ్రానికి రెండు చొప్పున ఇరవై రీడ్లకు రెండున్నర నెలలు పట్టింది.

ఒకరోజు మార్తమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతుంటే బయట నుంచి చివరి చరణం వినిపించింది. సన్నగా, కానీ పూర్తిగా. ఆమె చేతిలో కాయ అట్లాగే పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు. "పల్లవి గూడ వాయించు," అంది.

అప్పటికి చర్చి పాటల గుంపుకు శ్యాం పెద్ద అయ్యాడు. కీబోర్డు, డ్రమ్ముల ప్యాడ్లు, నాలుగు మైకులు వచ్చాయి. కృపాకర్ తమ్ముడి ఇంటికి వెళ్లి, కోత పండుగనాడు ఒక్క చరణం వాయిస్తానని అడిగాడు. తమ్ముణ్ని ఆయన ఏదైనా అడగడం బహుశా అదే మొదలు.

"వాయించగలవానే?" అన్నాడు శ్యాం.

"వాయిస్త."

"సరే. శనివారం ఒకపాలి కీబోర్డుతోని కలిపి చూస్త. మౌతార్గాన్ ఇచ్చిపో."

కృపాకర్ చెయ్యి జేబు మీదికి వెళ్లి ఆగింది. కాదంటే చరణం పోతుంది. తీసి ఇచ్చాడు. మెల్లగా ఊదాలని, రీడ్లు దించి ఉన్నాయని చెప్పాల్సింది. చెబితే తన ఊపిరి ఎంత మిగిలిందో కూడా చెప్పాలి. చెప్పలేదు.

శనివారం శ్యాం దాన్ని మామూలుగా, నిండు ఊపిరితో ఊదాడు. రీడ్లు అతుక్కుపోయి సగం స్వరాలు పలకలేదు. ప్యాడ్లు వాయించే పిల్లలు నవ్వారు. అన్న పరువు పోతుందని శ్యాంకు అనిపించింది. ఇంటికి తీసుకెళ్లి మరలు విప్పి, కిందికి దిగి ఉన్న రీడ్లన్నిటినీ ఒక గంటలో పైకి ఎత్తేశాడు. ఊది చూసుకున్నాడు. బ్రహ్మాండంగా పలికింది. ఆదివారం, కోత పండుగ ఆరాధన మొదలయ్యే ముందు అన్న చేతిలో పెట్టాడు.

"జర ఖరాబై ఉండె, బాగు జేసిన," అన్నాడు. చర్చి నిండా జనం. కీబోర్డు అప్పటికే మోగుతోంది. ఆ మాట కృపాకర్ సరిగ్గా వినలేదు.

చివరి చరణం వచ్చింది. కృపాకర్ మైకు ముందుకు వెళ్లి ఊదాడు. నాలుగు స్పీకర్లలోంచి గాలి వినిపించింది. మళ్లీ ఊదాడు. గాలి. మూడోసారి దగ్గు వచ్చింది, అది కూడా స్పీకర్లలో వినిపించింది. శ్యాం సైగ చేశాడు. కీబోర్డు ఆ చరణం అందుకుంది. కృపాకర్ మైకు పక్కనే, పాట అయిపోయేదాకా, వాద్యం పెదవుల దగ్గర పెట్టుకునే నిలబడ్డాడు. ఎటు వెళ్లాలో తోచలేదు.

ఆరాధన తర్వాత ఆవరణలో పండుగ కానుకలుగా వచ్చిన గుమ్మడికాయలు, వడ్లబస్తాలు వేలం వేస్తున్నారు. రీడ్లు మళ్లీ పైకి లేచాయని అర్థమైన కృపాకర్ తమ్ముణ్ని అక్కడే పట్టుకున్నాడు.

"ఎవడు ముట్టుమన్నడ్రా దాన్ని?"

"పలుకుతలేదే, అందుకే బాగు జేసిన."

"నీకు పలుకలే. నాకు పలికింది. రెండున్నర నెలలు కూసున్న దాని మీద!"

"మరి చెప్పొద్దా? నాకు కలొస్తదా?"

"నీకు ఏం తెల్సని విప్పినవ్? ఎన్నడన్న ఊదిన మొఖమా?"

వేలం దగ్గరున్న వాళ్లు ఇటు తిరిగారు. శ్యాం అన్న చేతిలోంచి మౌతార్గాన్ తీసుకున్నాడు. అక్కడే, అదే చరణం వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. నిండుగా, అన్న మంచి రోజుల్లో వాయించినంత బాగా వాయించాడు. పదహారో ఏట ఒకటి సొంతంగా కొనుక్కుని, పొలం గట్ల మీద నేర్చుకున్నాడని, ఇన్నేళ్లు ఎవరి ముందూ వాయించలేదని అప్పటిదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకోసారి వాయించమని ఎవరో అరిచారు.

శ్యాం దాన్ని తుడిచి అన్నకు తిరిగి ఇచ్చాడు. "మౌతార్గాన్ మంచిగనే ఉన్నది," అన్నాడు. "పోయింది నీ ఊపిరే."

ఆ మాట అనగానే శ్యాం ముఖం మారింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున కృపాకర్ మళ్లీ మరలు విప్పాడు. మార్తమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఈసారి ఎడం ఎంతుండాలో తెలుసు కాబట్టి త్వరగానే సాగింది. ఆరో రోజు నాలుగో రంధ్రం రీడు దించుతుండగా టప్పుమని విరిగి ఆయన ఒళ్లో పడింది. నలభై ఏళ్లు దాటిన ఇత్తడి, ఎన్నిసార్లని వంగుతుంది. చివరి చరణం ఆ స్వరం మీదనే మొదలవుతుంది. ఆ రకం పలకలు ఇప్పుడు రావడం లేదని మహబూబాబాద్‌లో అడిగితే చెప్పారు. కొత్తది కొందామంది మార్తమ్మ. ఆయన విరిగిన రీడును పెట్టెలో వేసి మూసేశాడు. మిగిలిన రీడ్లు సరిచెయ్యలేదు.

ఇప్పుడు చివరి చరణం శ్యాం తన మౌతార్గాన్ మీద వాయిస్తున్నాడు. కృపాకర్ చర్చికి వెళ్లడం మానేశాడు. మార్తమ్మ ఒక్కతే వెళ్లి వస్తోంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర ఆమె చెప్పులు వేసుకుంటుంటే శ్యాం దగ్గరికి వచ్చాడు.

"అన్న ఎట్లున్నడు వదినా?"

"నీకు ఇంత మంచిగ వచ్చునని ఒక్కనాడన్న ఎందుకు చెప్పలే శ్యాం? ఇద్దరు కలిసి వాయించేటోళ్లు గదా."

"అడిగితె చెప్తుంటి," అన్నాడు శ్యాం. "ఒక్కనాడన్న అడిగిండా?"

ఇంటికి వచ్చాక, శ్యాం ఏమన్నా అన్నాడా అని కృపాకర్ అడిగాడు. ఏమీ అనలేదని చెప్పి మార్తమ్మ పొయ్యి వెలిగించింది.