అండాళమ్మగారి వెనక గది

మిషను నూనె వాసన తగిలితే చాలు, నేను చిక్కడపల్లికి వెళ్ళిపోతాను. ఇంట్లో దెబ్బలు తిని, పిల్లల్ని తీసుకుని కట్టుబట్టలతో బయటికొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే వసతిగృహంలో నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మొన్నొక మధ్యాహ్నం, కొత్తగా వచ్చినావిడ హాల్లో మూలనున్న పాత కుట్టుమిషను మూత తీసి, ఎవరినీ అడక్కుండానే నూనె బుడ్డి అందుకుని చక్రం కింద చుక్కలు వేసి, చెంగుతో తుడిచింది. నూనె, దుమ్ము, కొత్త గుడ్డ గంజి కలిసిన ఆ వాసన గాల్లోకి రాగానే నా పని ఆగిపోయింది.

అరవై తొమ్మిదో సంవత్సరం నాటికి మేము చిక్కడపల్లిలో ఒక సందులో అండాళమ్మగారి ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. మాది భీమవరం వైపు. రాష్ట్రం ఏర్పడినప్పుడు నాన్న ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదు వస్తే, ఆఫీసుతోపాటే అమ్మా నాన్నా వచ్చారు, నేను పుట్టింది ఇక్కడే. అండాళమ్మగారిది తరాలుగా ఈ ఊరే. భర్త రైల్వేలో చేసి పోయారు, పిల్లలు లేరు. షాబాదు బండలు పరిచిన వాకిలి, వాకిట్లో నల్లా, నల్లా పక్కన జామచెట్టు, వీధివైపు పెద్ద గది. ఆ గదిలో ఆవిడ ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పేది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా మిషన్ల చప్పుడు, గాజుల చప్పుడు, మధ్యమధ్య సాసరులో పోసుకుని టీ జుర్రుకునే అండాళమ్మగారి చప్పుడు. వేసవిలో మట్టి రంజనులో నీళ్ళు వట్టివేళ్ళ వాసనేసేవి. మా అమ్మ ఆవకాయకి ముక్కలు తుడుస్తుంటే, ఆవపిండి ఘాటుకి కుట్టు నేర్చుకునే వాళ్ళంతా తుమ్ముతూ నవ్వేవాళ్ళు. వానలు మొదలైతే ముషీరాబాదు నుంచి బండి మీద మొక్కజొన్న పొత్తులు వచ్చేవి, వాటిని నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది, మా పిల్లలందరికీ అండాళమ్మగారే పంచేది.

ఆ గదికొచ్చే వాళ్ళలో కొందరికి కుట్టుపని మీద ఏ ఆసక్తీ ఉండేది కాదని నాకు చిన్నప్పుడే తెలుసు. వాళ్ళు ఏ వేళప్పుడో వచ్చేవారు. సంచి ఉండేది, చంకలో పిల్లవాడో చేతికి పిల్లో ఉండేది. అండాళమ్మగారు వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళేది. బట్టల తానులు పెట్టుకునే ఆ గదిలో నేలమీద చాపలు పరిచి ఉండేవి. వాళ్ళు కొన్నాళ్ళుండి పోయేవారు, పుట్టింటికో, మళ్ళీ అదే ఇంటికో. ఇప్పుడు మేము చేసే పనికి ఒక పేరుంది, శిక్షణ ఉంది. అప్పుడు ఆ పేర్లేవీ లేవు.

“ఒచ్చిన దినం ఏం అడగొద్దు సీతమ్మా,” అని మా అమ్మకి చెప్పేది అండాళమ్మగారు. “ముందుగాల పిల్లకు ఇంత అన్నం పెట్టు. పిల్ల తింటే తల్లికి జర పానం కుదురైతది.”

మొదట్లో మా అమ్మ భయపడింది, మనకెందుకొచ్చిన గొడవ అనుకుంది. కాని పిల్లకి అన్నం పెట్టమంటే కాదనడం ఆమెకి చేతకాదు. అలా అన్నంతో మొదలై, మా వంటిల్లు వెనక గదికి వంటిల్లయిపోయింది. ఇదంతా ఎందుకు చేస్తున్నావని అమ్మ ఒకసారి అడిగితే, అండాళమ్మగారు కత్తెర ఆపకుండానే, “నాకు ఒక అక్క ఉండె. ఆమెకు పోనీకి జాగ లేకుండె,” అంది. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. బడులూ కాలేజీలూ మూసేశారు. నారాయణగూడ చౌరస్తా వైపు నుంచి నినాదాలు వినపడేవి, కర్ఫ్యూ పెట్టినప్పుడు సందులో కుక్కలు తప్ప ఏమీ తిరిగేవి కావు. మాలాగా కోస్తా నుంచి వచ్చిన వాళ్ళు కొందరు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. అండాళమ్మగారు మాత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయే కుర్రాళ్ళతో, “నాకు గూడ తెలంగాణ గావాలె బిడ్డా, గని ఈ ఇంట్ల ఉన్నోళ్లు నా మనుషులు, యాది వెట్టుకోండ్రి,” అనేది. బడి లేని మాకు ఆ వాకిలే లోకం. తొక్కుడుబిళ్ళ, గచ్చకాయలు, అష్టాచెమ్మా. ఎండెక్కితే కుట్టుగదిలో బల్ల కింద దూరి గుడ్డముక్కలతో బొమ్మలు.

అలాంటి ఒక పొద్దున సుభద్రగారు వచ్చింది. అశోక్‌నగర్ నుంచి నడిచి రావచ్చు, కాని ఆవిడ రిక్షాలో వచ్చింది. దిగుతుంటే తెలిసింది, కాలు మోపలేకపోతోందని. ఖరీదైన చీర, చిరిగిన జాకెట్టు చేయి. ఆవిడ వెనక నా ఈడు పిల్ల, ఉష.

“కుట్టుపని నేర్చుకుందామని వచ్చానండి,” అంది సుభద్రగారు.

అండాళమ్మగారు ఆ జాకెట్టు చేతి వంక చూడనట్టే, “మంచిది, నేర్సుకుందువు గని. లోపలికి రా, బుగులు వడకు. పిల్ల తిన్నదా?” అంది.

ఉష తినలేదు, మాట్లాడలేదు కూడా. తలుపు గాలికి కొట్టుకుంటే ఒళ్ళు ముడుచుకునేది. అండాళమ్మగారు ఆ పిల్ల ముందు గుండీల డబ్బా బోర్లించి, నన్ను పిలిచి, ఇద్దరినీ రంగుల ప్రకారం వేరు చెయ్యమంది. ఏ రోజుకారోజు వేరు చేసేవాళ్ళం, సాయంత్రం ఆవిడ మళ్ళీ అన్నీ కలిపేసేది. ఆవిడ ఎందుకలా చేసేదో చాలా ఏళ్ళ తర్వాతగాని నాకర్థం కాలేదు. గుండీలు వేరు చేస్తూ చేస్తూ ఉష ఒకరోజు నాతో, “తెల్లవన్నీ నాకు, ఎర్రవి నీకు,” అంది. అదే నేను విన్న మొదటి మాట. ఆ తర్వాత ఆగలేదు. గచ్చకాయల్లో నన్ను ఓడించేది, జామచెట్టెక్కేది. నవ్వబోయే ముందు మాత్రం ఒకసారి గేటు వైపు చూసుకునేది.

ఉష తండ్రి ఏదో కాలేజీలో లెక్చరరు. బడులు తెరుస్తారన్న కబురు వచ్చిన రోజుల్లో, ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. అండాళమ్మగారి వాకిట్లోకి కాదు, మా వాటాలోకి, మా నాన్న దగ్గరికి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో మల్లెపూల పొట్లం, మెత్తటి గొంతు. నాన్న లేచి, “కూర్చోండి మాస్టారూ,” అని కుర్చీ వేశాడు. సందులో పెద్దవాళ్ళు ఇంకో ఇద్దరు వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఇవ్వక తప్పలేదు.

“నాకు విజయవాడలో ఉద్యోగం ఖాయమైందండి,” అన్నాడాయన. “గడప దాటిన మనిషి సంగతి తర్వాత ఆలోచిద్దాం. పిల్ల చదువు పాడవకూడదు కదా. పిల్లని పంపండి, చాలు.”

అండాళమ్మగారు గుమ్మంలో నిలబడింది. “సారూ, పిల్ల తల్లి కాడ్నే ఉంటది. ఆమె కాలు సూసిన్రా మీరు? రేపు ఈ పిల్లకు గట్ల కాదని ఎవ్వలు జెప్పిన్రు మీకు?”

నాన్న ఇబ్బందిగా కదిలాడు. చెడ్డవాడు కాదు మా నాన్న. మా అమ్మ మీద ఏనాడూ గొంతు పెంచి ఎరగడు, అందుకే కాబోలు ఆ తెల్లచొక్కా వెనక ఏముందో ఊహించలేకపోయాడు. “తండ్రి తన పిల్లని తీసుకెళ్తానంటే ఆపడానికి మనమెవరమండీ?” అన్నాడు. పెద్దవాళ్ళు తలలూపారు. సుభద్రగారు ఉష చెయ్యి పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. “అది రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తుందండీ, ఒక్కతే పడుకోదు,” అని మాత్రం మళ్ళీమళ్ళీ అంటోంది, అదొక్కటీ వాళ్ళకి అర్థమైతే చాలన్నట్టు.

“వదలమ్మా,” అన్నాడు నాన్న, మెల్లిగానే.

రిక్షా ఎక్కించాక ఉష వెనక్కి తిరిగి, ఎవరినని కాకుండా అందరినీ అడిగింది. “అమ్మ రేపొస్తుందా?”

“వస్తుందమ్మా,” అన్నాడు నాన్న.

మర్నాడు అండాళమ్మగారు, సుభద్రగారు అశోక్‌నగర్ వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. విజయవాడలో ఏ పేట, ఏ వీధి, ఎవరికీ తెలియదు. మా అమ్మ తరఫు చుట్టాలు వెతికారు. ఆయన అక్కడి నుంచి కూడా ఎటో వెళ్ళిపోయాడన్నారు. అండాళమ్మగారు మా నాన్నతో చాలాకాలం మాట్లాడలేదు. మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, మా అమ్మతో మునుపటిలాగే ఉండేది. నాన్న వాకిట్లోకొస్తే మాత్రం లేచి లోపలికి పోయేది.

సుభద్రగారు వెనక గదిలోనే ఉండిపోయింది. నిజంగానే కుట్టుపని నేర్చుకుంది, తర్వాత నేర్పింది. ప్రతి ఏడాదీ బతుకమ్మ పండగ ముందు నన్ను పిలిచి నిలబెట్టి, టేపుతో భుజాలు, నడుము, పొడుగు కొలిచేది. ఆ కొలతలతో ఒక గౌను కుట్టేది. అది నాకు కాదు. ఉషది నా ఈడే కనుక, ఉషకి ఇప్పుడు ఇంత ఉంటుందని. “అది నీకంటే కాస్త పొడుగు కదూ?” అని ఒక అంగుళం వదిలి కత్తిరించేది. పంపడానికి చిరునామా లేదు. పండగ నాడు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేర్చి, ఎవరైనా చూసి మొగుళ్ళకి చెబుతారని వీధిలోకి పోకుండా, గేటు మూసి వాకిట్లోనే వెనక గది ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ తిరిగి, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పంచుకున్నాక, ఆ గౌను ఆ సమయానికి గదిలో ఉన్న పిల్లల్లో ఎవరికి సరిపోతే వాళ్ళకి తొడిగేది. గౌన్లు పోయి లంగా ఓణీలు వచ్చాయి. నా పెళ్ళి జాకెట్టు కుడుతూ, “దానికీ సంబంధాలు చూస్తూ ఉంటారు,” అంది. ఆ తర్వాత నన్ను కొలవలేదు.

నాన్న పెద్దవాడయ్యాక, మంచం పట్టిన రోజుల్లో ఒకసారి నాతో అన్నాడు. “ఆయనకి నేను కుర్చీ వెయ్యకుండా ఉండాల్సిందమ్మా.” ముందు అండాళమ్మగారు పోయింది. ఆవిడ మరిది కొడుకులు ఇల్లు అమ్మేశారు. సుభద్రగారు అంబర్‌పేటలో చిన్న గదిలో ఉంటూ, చూపు ఆనినంతకాలం కుట్టి, ఒక చలికాలం జ్వరంతో వెళ్ళిపోయింది. మా వసతిగృహంలో ఇవాళ తల్లితో పాటు పిల్లనీ కూర్చోబెట్టుకుని మాట్లాడతాం, కోర్టులో పిల్ల కోసం నిలబడే వకీలుంది, రేపు ఏం జరుగుతుందో మాకే తెలియకపోతే తెలియదనే పిల్లకి చెబుతాం. ఇవన్నీ ఆ సాయంత్రం మా వాటాలో ఉండి ఉంటే అనిపిస్తుంది.

పోయిన ఏడాది ఉష వచ్చింది. తండ్రి పోయాక మేనత్త నిజం చెప్పిందట. అప్పటిదాకా తల్లి తనని వద్దనుకుని వెళ్ళిపోయిందనే ఆమె నమ్మకం. చిక్కడపల్లిలో ఇంటింటికీ తిరిగి అడిగితే, దారాలూ గుండీలూ అమ్మే కొట్టతను నా దగ్గరికి పంపాడు. జుట్టు నెరిసిన మనిషి. నేను గుర్తుపట్టలేదు.

ఇద్దరం కలిసి ఆ సందుకి వెళ్ళాం. వాకిలి లేదు, నల్లా లేదు, జామచెట్టు లేదు. అపార్టుమెంటు లేచింది. అశోక్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులే, పుస్తకాలు పట్టుకుని తిరిగే పిల్లలే. ఒకావిడ చేతి సంచితో వచ్చి, కుట్టుపని నేర్చుకుంటానని చెప్పి లోపలికి వెళ్ళగలిగే తలుపు ఆ సందులో ఒక్కటీ కనపడలేదు.

“అమ్మ ఎక్కడ పడుకునేది?” అని అడిగింది ఉష.

సెల్లారులో కార్లు నిలిపిన చోటు చూపించాను. ఆమె వెళ్ళి రెండు కార్ల మధ్య కాసేపు నిలబడి వచ్చింది. గేటు దాటాక అడిగింది. “నవ్వేదా?”

“నవ్వేది,” అన్నాను. “వచ్చిన కొత్తలో అండాళమ్మగారు అన్నం తింటూ ‘జర తొక్కు తెయ్యమ్మా’ అందిట. తెలంగాణలో తొక్కంటే పచ్చడని మీ అమ్మకి తెలియదు. ఎందుకో ఏమిటో అనుకుంటూ, అరటిపండు తొక్క ఒకటి వెతికి, కడిగి, పళ్ళెంలో పెట్టి తీసుకొచ్చింది. ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది.”

ఉష నవ్వింది. నవ్వుతూనే నా భుజం పట్టుకుని, “ఇంకోటి చెప్పు,” అంది.