సుకుమారి జరిపిన గోడ

తన తప్పు తనకే దొరికినప్పుడు, అదీ అందరూ చూస్తుండగా, మనిషి సంతోషంతో చప్పట్లు కొడుతుందా? సుకుమారి కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆ రోజు అడగలేదు. జవాబు నాకు ఇప్పటికీ తెలియదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అది 1998. పటాన్‌చెరులో, బొంబాయి రోడ్డు మీద జంగయ్య గారి కాంట్రాక్టు ఆఫీసు ఉండేది. ఫ్యాక్టరీలకు షెడ్లు, గోడౌన్లు కట్టేవాళ్లం. జంగయ్య తాపీ పట్టి పని మొదలుపెట్టి కాంట్రాక్టరైన మనిషి. నేను అక్కడ టైపిస్టుని. ఎస్టిమేట్లు కట్టేది బాలప్ప. నక్షాలు గీసేది సుకుమారి.

సుకుమారిది కొండాపూర్ దగ్గర ఒక పల్లె. తండ్రి అబ్రహాము అక్కడి బడిలో పంతులు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. సంగారెడ్డిలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేరినప్పుడు క్లాసుకంతా ఆడపిల్ల తనొక్కతే. మా ఆఫీసుకు వచ్చిన కొత్తలోనే ఒక సంగతి అందరికీ అలవాటైపోయింది. పొడుగు గీత గీసేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. అది చూసి మేమూ మాటలు ఆపేవాళ్లం. గీత చివరికి చేరాక అందరికీ వినబడేలా ఊపిరి వదిలేది.

"పురుడైందా బిడ్డా?" అనేవాడు బాలప్ప.

"అయిందన్నా. ఆడపిల్ల. మంచి పొడుగున్నది."

కాగితం మీద గీసే రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. పని ఇచ్చిన పార్టీవాళ్లు కొలత మారిస్తే నక్షా మళ్లీ గీయరు. పాత అంకెను సగం బ్లేడుతో గీకేసి, కొత్త అంకె రాస్తారు. గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ప్రతి నక్షా కింద ఒక మాట కూడా ఉండేది: రాసిన కొలతనే పాటించాలి, గీతను కొలవరాదు. మేస్త్రీలు అంకె చూసి గోడ కడతారు. అలా ఏ గోడా చెడిపోలేదు.

ఆ ఎండాకాలం జంగయ్య హైదరాబాదు డీలరు దగ్గర నుంచి రెండు కంప్యూటర్లు తెప్పించాడు, చూడటానికని. ఒకదాంట్లో నక్షాలు గీసే క్యాడ్. రెండోదాంట్లో ఎస్టిమేట్ ప్రోగ్రాం. నెల చూసి ఒక్కటే ఉంచుకుంటానన్నాడు. ఎస్టిమేట్‌ది ఉంచుకుంటే నక్షాలు హైదరాబాదులోనే గీయించుకుంటానని కూడా అన్నాడు. అంటే ఇక మా ఆఫీసులో సుకుమారి బల్ల ఉండదు. ఆ మాట ఆమె ముందే అన్నాడు. ఆమె తలూపి, వెళ్లి క్యాడ్ ముందు కూర్చుంది.

కూర్చున్నది లేవలేదు. నక్షాను దగ్గరికి లాక్కునేది, ఒక మేకు తల కనబడేదాకా. మళ్లీ షెడ్డంతా అగ్గిపెట్టె అయ్యేదాకా దూరం నెట్టేది. "సారూ, జెర ఇటు సూడుండ్రి!" అని నన్ను పిలిచేది. టైపు చేస్తున్న ఉత్తరం మధ్యలో వదిలేసి లేచేవాణ్ణి. ఆమె టీ ఈగల పాలయ్యేది.

అవతలి కుర్చీలో బాలప్పదీ అదే వరస. యాభై దాటిన మనిషి, కొత్త సైకిలు కొన్న పిల్లాడిలా మురిసిపోయేవాడు.

"పొడువు, వెడల్పు, ఎత్తు చెప్తె సాలు. ఇటుకలెన్ని, సిమెంటు బస్తాలెన్ని, ఇసుకెంత, అన్నీ కక్కుతది. నీదేం జేస్తది? బొమ్మలేస్తది."

"బొమ్మ లేకుంటె మీది దేన్ని లెక్కవెడ్తదన్నా? గాలినా?"

"గాలిని గూడ వెడ్తది. పొడువు, వెడల్పు చెప్పు!"

నెల ముగిసే రోజు డీలరు వచ్చి కూర్చున్నాడు. జంగయ్య ఇద్దర్నీ పిలిచాడు. గడ్డపోతారంలో మందుల కంపెనీకి మేము కట్టబోతున్న షెడ్డే పరీక్ష. అరవై అడుగుల హాలు, దాన్ని ఆనుకొని స్టోరు రూము.

"ఇద్దరు ఒకటే షెడ్డుకు ఇటుక పనెంతో చెప్పుండ్రి. తర్వాత ఒక డబ్బా లారీ ఎక్కాలె."

బాలప్ప నక్షా ప్రింటు ముందు పెట్టుకుని కొలతలు ఎక్కించాడు. సుకుమారి తెర మీద గోడలను ఒక్కొక్కటే పట్టుకుని పొడవులు తీసింది. నేను టైపు మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను, ఒక్క అక్షరం కొట్టకుండా.

ఇద్దరూ లెక్క చెప్పారు. సుకుమారిది తక్కువ వచ్చింది.

"ఒక్క షెడ్డుకు రెండు లెక్కలేంది?" అన్నాడు జంగయ్య. "ఏదో ఒకటి దొంగది."

"ఏదో నేను చెప్పాల్నా?" అన్నాడు బాలప్ప మీసం దువ్వుకుంటూ.

సుకుమారి తెర మీదికి వంగి, ఒక్కో గోడ మళ్లీ పట్టుకుంది. స్టోరు గోడ దగ్గర ఆగింది. పైన అంకె ముప్పై మూడు. గోడను అడిగితే ముప్పై అంటోంది.

అప్పుడు కొట్టింది చప్పట్లు.

"దొరికింది! సార్, తప్పు నాదే!"

లాటరీ తగిలినట్టు చెప్పింది. పోయిన వారం కంపెనీవాళ్లు స్టోరు రూము మూడడుగులు పెంచమన్నారట. పాత అలవాటు కొద్దీ ఆమె అంకె మాత్రం మార్చి, గీతను వదిలేసింది.

"కాయితమనుకొని గీకి రాసిన సార్! ఇది కాయితం గాదు. గిండ్ల గీతకు దాని కొలత దానికున్నది. నేను ముప్పై మూడని అబద్ధం రాసినా, అది ముప్పైయే అంటున్నది సూడుండ్రి!"

ఆమె బల్ల ఉండేదీ పోయేదీ ఆ గంటలోనే తేలాలి.

"అయితె నా లెక్కనే..." అని మొదలుపెట్టిన బాలప్ప, ప్రింటు కింద రాసి ఉన్న మొత్తం పొడవు చూసి ఆగిపోయాడు. "ఆగాగు. హాలు అరవై, స్టోరు ముప్పై మూడు. మొత్తం తొంభై ఎట్లయితది? నేను గోడకు ముప్పై మూడు ఎక్కించిన, నేలకు తొంభై ఎక్కించిన. నా డబ్బా ఒక్క మాటన్న అనలే!"

"మీదానికి గోడ కనవడదన్నా. నాదానికి ఇటుక తెల్వది."

అంటూనే ఆమె స్టోరు చివరి గోడ చుట్టూ ఒక చట్రం గీసి, దాన్ని పట్టి లాగింది. గోడ జరిగింది. గోడతోపాటు కిటికీ జరిగింది, మూలన ఉన్న పిల్లర్లు జరిగాయి. కింద మొత్తం పొడవు తొంభై ఉన్నది, ఎవరూ ముట్టుకోకుండానే తొంభై మూడైంది.

జంగయ్య కుర్చీలోంచి లేచాడు. జీవితంలో ఎన్ని గోడలు కూలగొట్టి మళ్లీ కట్టాడో ఆయన.

"మల్ల జరుపు."

వెనక్కి జరిపింది. ముందుకు జరిపింది.

"ఇంకొక్కసారి!"

"పొడువులు చెప్పు, పొడువులు చెప్పు!" అని బాలప్ప అవతలి నుంచి అరుస్తున్నాడు. ఆమె చెబుతోంది, అతను ఎక్కిస్తున్నాడు. గోడ, నేల, ప్లాస్టరు, పైకప్పు రేకులు, అన్నీ మళ్లీ ఒక్కొక్కటే. ఈసారి రెండు లెక్కలూ ఒక్కటయ్యాయి. బాలప్ప తెర మీద ఇటుకలూ బస్తాలూ బిలబిలా దిగాయి. అతను బల్ల గుద్దాడు. డీలరు కూడా నవ్వాడు. ఎవరు గెలిచారో ఆ క్షణం ఎవరికీ పట్టలేదు.

జంగయ్య నవ్వు మధ్యలో ఆగింది.

"పొద్దుగాల పెద్దరాములు మేస్త్రి ఏ నక్ష పట్టుకపోయిండు?"

ఈ తప్పున్న పాతదే. గడ్డపోతారంలో ఆ రోజే ముగ్గు పోసి పునాది తవ్వాలి. మేస్త్రి మొత్తం తొంభై అన్న అంకె పట్టుకుంటే మూడడుగులు పోయినట్టే. అక్కడ ఫోను లేదు. సుకుమారి అప్పటికే సరిచేసిన నక్షాకు ప్రింటు కొట్టింది. ప్రింటరు కరకరలాడుతూ కాగితాన్ని నిదానంగా బయటికి నెడుతోంది.

జంగయ్య డీలరు వైపు తిరిగాడు. "లెక్క బాలప్ప చేత్తోని గూడ చేస్తడు. గోడ ఇట్ల జరుపుడు మాత్రం ఏ చెయ్యితోని గాదు. గీసేది ఈడనే ఉంటది. ఆ పిల్ల గూడ."

"మరి నాది?" అన్నాడు బాలప్ప, కంప్యూటరు మీద చెయ్యి వేసి.

"ఇంకో పెద్ద పని దొరకనియ్యి, అదీ కొందాం." జంగయ్య గొంతు పెంచాడు. "ఇన్నవా సుకుమారీ?"

ప్రింటరు ఆగిపోయి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది.

కిటికీలోంచి చూశాను. చుట్టిన నక్షా చంకలో పెట్టుకుని, టేపు మెడలో వేసుకుని, రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తుతోంది. గడ్డపోతారానికి దారైన బొల్లారం దిక్కు వెళ్లే షేరు ఆటో కదులుతుంటే చెయ్యెత్తి ఆపింది. షిఫ్టుకు పోయే మనుషులతో అది అప్పటికే నిండిపోయి ఉంది. ఒకావిడను "జెర జరుగవ్వా" అని నెట్టి, సగం బయటే ఉండి కూర్చుంది. ఆటో వెళ్లిపోయింది. మాలో ఒక్కరికీ పోయొస్తనని చెప్పలేదు.