ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు?

ఆ ఆరంతస్తుల భవనంలో అందరూ ఆమెను తీగల పిన్ని అనేవారు. స్విచ్చి పాడైనా, గుమ్మం దగ్గర గంట మోగకపోయినా ఆమే దిక్కు. ఇంటింటికీ మాట్లాడుకునే ఇంటర్‌కం వేసే పనీ ఆమెకే వచ్చింది. మొదట ఒప్పుకున్నవి రెండే ఇళ్లు, అవీ తోడికోడళ్లవి.

"కిటికీలోంచి కేకేస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకే?" అన్నాడు బస్సు నడిపే ఆమె భర్త.

మూడో ఇల్లు చేరాక పిన్నికి ఒక తమాషా తోచింది. భర్త కంచం పక్కన ఇంటికొకటిగా చొక్కా గుండీలు పేర్చి, ఒక్కో జంటకూ ఒక దారం పరిచింది.

"చూడు, నాలుగు గుండీలకి ఆరు దారాలు. ఐదోది పెడితే పది!"

"అయితే ఇళ్లు పెరిగేకొద్దీ లాభం ఎగిరి గంతేస్తుందన్నమాట. ఊరంతా కలిపెయ్!"

"ఉండవయ్యా. దారులున్నాయి సరే, జనం నడవాలిగా."

చివరికి అన్ని ఇళ్లూ చేరాయి. రిపేరుకు వెళ్లిన చోటల్లా ఆమె అడిగేది: "మీరెవరెవరికి చేస్తుంటారు?" అందరూ ముగ్గురు నలుగురి పేర్లే చెప్పారు. మిగతా దారాలన్నీ ఉత్తవే! పిన్నికి గాలి తీసేసినట్టయింది.

పైఅంతస్తులో ఉండే సంగీతం మాస్టారికైతే ఒక్క ఫోనూ రాలేదు. "పట్టుకుపో అమ్మా, దుమ్ము తుడవలేక చస్తున్నా" అన్నారాయన. వారం ఆగమంది పిన్ని.

ఈలోగా ఒక ఉదయం మేడమీది ట్యాంకు గొట్టం పగిలి, మెట్లమీద నీళ్లు వరదయ్యాయి. కింది అంతస్తు ఇల్లాలు, ఎన్నడూ పలకరించని మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన పరుగున వెళ్లి వాల్వు కట్టేశారు.

మాట ప్రకారం పిన్ని స్క్రూడ్రైవరుతో వెళ్లింది. "తీసెయ్యనా మాస్టారూ?"

"ఉండనీలే. ఆ రోజు పరుగుతో పట్టుకున్న నా మోకాలి నొప్పి ఎలా ఉందోనని ఆవిడ నిన్న మళ్లీ చేసింది."

ఆ సంగతి భర్తతో చెబుతూ పిన్ని ఆలోచనలో పడింది. "దారాలన్నీ లెక్కేస్తే ఎక్కువ చెప్పినట్టు, ఇళ్లు మాత్రమే లెక్కేస్తే తక్కువ చెప్పినట్టు. అసలు విలువ మధ్యలో ఎక్కడో ఉంది."

"ఎక్కడ?"

"అదే అంతుపట్టట్లేదు."

ఆ నెలలోనే పక్క భవనంవాళ్లు తమనూ కలపమని అడిగారు. నిచ్చెన భుజానేసుకుని వెళ్లిన పిన్ని, గోడకు మేకు కొట్టకముందే ఆ భవనం గేటు దగ్గర కాపలా ఉండే ఆవిడను పలకరించింది.

"వదినా, మా బిల్డింగులో నీకు తెలిసినవాళ్లెవరు?"