పలక పోతే పోనీ

నా చిన్నప్పుడు వానాకాలం వచ్చిందంటే బడికి వెళ్లడమంటే గెడ్డ దాటడమే. నౌపడ దగ్గర ఉప్పుమళ్లను ఆనుకుని ఉండేది మా వీధి. బడి గెడ్డకు అవతల. ఎండాకాలంలో ఆ వాగులో మడమలు కూడా తడవవు. వానలు పడితే మాత్రం మా నడుం లోతు నీళ్లు, అడుగున జారే బురద. వంతెన కడతామని ఎవరో ఎప్పుడో ఒడ్డున రాళ్లు దింపించారు. వాటి మీద కూర్చుని మేం నేరేడు పళ్లు తినేవాళ్లం.

మమ్మల్ని ఒక్కొక్కరినీ దాటించేది పక్కింటి పిన్ని. ఆమె ఉప్పుమళ్లలో కూలికి వెళ్లేది. వానల్లో ఉప్పు పండదు కాబట్టి ఆ రోజుల్లో పనుండదు. పొద్దున్నా సాయంత్రమూ గెడ్డ దగ్గరే ఉండేది. రమ్మని ఎవరూ అడగలేదు. అంతకు ముందటి వానాకాలంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు బడి నుంచి వస్తూ ఆ నీళ్లలోనే పోయాడు. చేతిలోంచి జారిన పలక వెనకే వెళ్లాడని వెంట ఉన్న పిల్లలు చెప్పారు.

పలక కోసం ఎవరైనా అలా వెళతారా అని ఇప్పటివాళ్లకు అనిపించవచ్చు. మా ఇళ్లలో పలకంటే మాటలు కాదు. ఒకటి పోతే ఇంకోటి ఎప్పటికి వస్తుందో తెలీదు. అందుకే పొద్దున్నే ప్రతి గుమ్మంలోనూ ఒకటే బెదిరింపు, పలక పారేసినావంటే ఇంటికి రాకు అని. మా అమ్మ కూడా రోజూ అనేది. నేను నమ్మేదాన్ని.

ఒక సాయంత్రం పిన్ని నన్ను దాటిస్తోంది. ఆమె ఎప్పుడూ చెయ్యి పట్టుకునేది కాదు, మణికట్టు పట్టుకునేది. చెయ్యయితే పిల్లలు విడిపించుకుంటారట. సగం దూరం వచ్చాక ఉన్నట్టుండి నా చంకలోని రేకు పలక లాగి నీళ్లలోకి విసిరేసింది. చెక్క చట్రంతో అది తేలుతూ పోతోంది. నేను ఏమీ ఆలోచించలేదు. దాని మీదికి దూకేశాను. నోటి నిండా బురదనీళ్లు. భుజం ఊడొచ్చినంత పనయ్యింది గానీ, మణికట్టు ఆమె పిడికిట్లోనే ఉంది.

ఒడ్డుకు ఈడ్చుకొచ్చి చెంప మీద ఒకటి వేసింది. ఒడ్డున ఉన్న పిల్లలంతా బిక్కచచ్చిపోయి చూస్తున్నారు.

"సూసినారా? నాను పట్టుకునుండగానే దూకీసింది. పలకేటి, పుస్తకమేటి, ఏటి పోయినా పోనీండి. మీరు ఇంటికొచ్చీండి. కొడితే నన్ను కొట్టమని సెప్పండి మీ అమ్మల్ని."

అంతవరకూ గట్టిగానే ఉంది గొంతు. తర్వాత నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"మా వోడికి ఆ పొద్దు నానే సెప్పినాను, పలక లేకుండా ఇంటికి రావొద్దని. ఎప్పుడూ నా మాట ఇననోడు, ఆ రోజు ఇన్నాడే."

అప్పటికీ నా మణికట్టు వదల్లేదు. తర్వాత మా ఇంటికి వచ్చి, పలక నానే పారేసినాను, పిల్లని ఏటీ అనకు అని అమ్మకు చెప్పింది. అమ్మ ముందు కేకలేసింది. సంగతి విన్నాక నా తల తుడవడం మొదలుపెట్టింది. ఆ బెదిరింపు మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

పిన్ని పోయి చాలా కాలమైంది. ఆ రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి, గడ్డి మొలిచి. చుట్టుదారిన ఆటో వస్తుంది, గట్టి వాన పడితే రాదు. అప్పుడు మళ్లీ గెడ్డే. కిందటి వానల్లో వీధి చివరి ఇంటి పిల్లాడు కాలినుంచి ఊడిన బూటు కోసం వంగాడు. బూటు దొరికింది, పిల్లాడు దక్కలేదు. వారం రోజులు పెద్దమనుషులు వచ్చారు, ఫోటోలు తీశారు, వంతెన వస్తుందన్నారు. నాకు నవ్వు కూడా రాలేదు. నేను పోయేలోగా ఏదో మారుతుందన్న ఆశ నాకిప్పుడు లేదు.

ఈ పొద్దున వాన. ఆటో రాలేదు. మా కోడలు నా మనవరాలికి బూట్ల లేసులు కడుతూ, కొత్తవి పారేసినావంటే ఇంటికి రాకు అంది. ఒళ్లు మండిపోయింది నాకు. వీధంతా వినపడేలా అరిచాను.

"ఊరికే అన్నానత్తా," అంది బిత్తరపోయి.

అవును, అందరూ ఊరికే అంటారు. పిన్ని కూడా ఊరికే అన్నది.

నీళ్లలో దిగడానికి నా మోకాళ్లు ఒప్పవు. మనవరాలి మణికట్టు పట్టుకుని గెడ్డ దాకా తీసుకెళ్లాను.

"ఏటి పోయినా పోనీ, నువ్వు ఇంటికొచ్చీ," అన్నాను.

"రోజూ ఇదే సెప్తావేటి మామ్మా, నొప్పెడతన్నాది, ఒగ్గీ," అంది.

పెద్ద పిల్లలు అప్పటికే నీళ్లలో దిగి దాన్ని పిలుస్తున్నారు. వదలక తప్పలేదు. వదిలేసి, ఆ రాళ్ల మీద కూర్చున్నాను. బడి విడిచేదాకా ఇంటికి వెళ్లబుద్ధి కాదు.