మూడో బల్ల గెలిచిన అమెరికా చరిత్ర

టెక్సాస్‌లోని ప్లేనోలో మా ఇంటికి పది నిమిషాల డ్రైవ్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉంది. అప్పుడే హైస్కూలు దాటిన పిల్లలు, ఉద్యోగం పోయి కొత్త పని నేర్చుకుందామనుకునే నడివయసువాళ్లు, రిటైరై ఇంట్లో తోచని పెద్దలు అక్కడ ఒకే గదిలో కూర్చుంటారు. విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్ మీద చాలా ఏళ్లు పనిచేసి, మావారి ఉద్యోగం వల్ల ఇక్కడికి చేరిన నేను, 2009లో ఆ కాలేజీలో అమెరికా చరిత్ర క్లాసులో చేరాను. ఈ దేశపు వార్తల్ని టెలిప్రింటర్ నుంచి చింపి తెలుగు చేయడమే అన్నాళ్లూ నా పని. వాటినే వీళ్లు తమ పిల్లలకు పాఠంగా ఎలా చెప్పుకుంటారో చూద్దామన్న కుతూహలం తప్ప నాకు ఆ క్లాసుతో వేరే అవసరం లేదు.

అవసరమంతా నా పక్కన కూర్చునే అమ్మాయిది. నల్గొండ అమ్మాయి, ముప్పై దాటింది. ఊళ్లో జువాలజీ చదివి, పెళ్లయి, భర్త వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. అందుకని నర్సింగ్ చదవాలని పట్టుబట్టింది. అనాటమీలో ఎ తెచ్చుకుంది, కెమిస్ట్రీలో ఎ తెచ్చుకుంది. నర్సింగ్ సీటుకు చూసే గ్రేడుల్లో చరిత్ర కూడా ఉంది, అందులో కనీసం బి ఉండాలి. మిడ్‌టర్మ్‌లో ఆమెకు సి వచ్చింది. ఎముకల పేర్లన్నీ వరసగా అప్పజెప్పగల మనిషి, అధ్యక్షుల దగ్గరికి వచ్చేసరికి తికమకపడిపోయేది.

"ఎముకలు ఎక్కడియి అక్కడ్నే ఉంటయి ఆంటీ. వీళ్లు నాలుగేండ్లకొకడు మారుతడు, నేనేం జేయాలె?" అనేది.

మా ఇళ్లు దగ్గరే కాబట్టి నా కార్‌లోనే వచ్చేది. వెళ్తున్నంత సేపూ నేను డ్రైవ్ చేస్తూ చెప్పాలి, ఆమె వింటూ బట్టీ పట్టాలి. నాకేమో తేదీ ఒక్కటే విడిగా ఎప్పుడూ గుర్తురాదు. ఏ వార్త ఏ వేళకు వచ్చింది, దానికోసం ఏ వార్త లోపలి పేజీకి పోయింది, మా చీఫ్ సబ్‌ఎడిటర్ ఎవరి మీద అరిచాడు, ఇవన్నీ కలిసి గుర్తొస్తాయి. అధ్యక్షుడి రాజీనామా గురించి అడిగితే, ఆ వార్త రేడియోలో విని మా నాన్న టిఫిన్ ప్లేటు పక్కన పెట్టేయడంతో మొదలుపెట్టేదాన్ని.

"డేట్ చెప్పుండ్రి ఆంటీ, చాలు. మీ నాయిన టిఫినీ ఎగ్జామ్ల అడగరు."

డిసెంబరులో, ఫైనల్ పరీక్షకు వారం ముందు ఆఖరి క్లాసు. మా ప్రొఫెసర్ అరవై దాటిన టెక్సాస్ మనిషి. బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి, ఈ రోజు పాఠం లేదు, ఆట ఉంది అంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి చరిత్రంతా ఆట రూపంలో రివ్యూ. నాలుగు బల్లలు, నాలుగు జట్లు. హోటల్ కౌంటర్ మీద ఉండేలాంటి గంట ఒక్కో బల్ల మీద ఒకటి పెట్టింది. ముందు గంట కొట్టినవాళ్లే జవాబు చెప్పాలి. గెలిచిన బల్లకు ఫైనల్ పరీక్షలో పది మార్కులు కలుపుతానంది.

పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "ఆంటీ, గా పది వస్తే బి వచ్చేస్తది."

మాది మూడో బల్ల. మాతో ఉన్న మూడో మనిషి రిటైరైన ట్రక్ డ్రైవర్. కుర్రతనంలో సైనికుడిగా వియత్నాం వెళ్లొచ్చిన ఆఫ్రికన్ అమెరికన్ పెద్దాయన. ఊరి పేరు చెప్పిన రోజు నుంచీ నన్ను 'మిస్ విజయవాడ' అని పిలుస్తాడు. మా ఊరి పేరును అంత శుభ్రంగా పలికిన అమెరికన్‌ని నేను మళ్లీ చూడలేదు. నాలుగో బల్ల మీద టోపీలు తిప్పి పెట్టుకున్న ముగ్గురు కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లకు చరిత్ర ఎంత వచ్చో తెలియదు గానీ, గంట కొట్టడంలో ఆరితేరినవాళ్లు.

ఆట మొదలైంది. స్కూళ్లలో నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ వేరుగా కూర్చోబెట్టడం తప్పని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందెప్పుడని అడిగింది ప్రొఫెసర్. మా పెద్దాయన గంట కొట్టి, ఏడాది చెప్పి, "నేను రెండో తరగతి, మేడమ్. మా స్కూలుకి ఆ తీర్పు చేరేసరికి పన్నెండోది అయిపోయింది" అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

నల్గొండ అమ్మాయితో ఒక చిక్కు వచ్చింది. ఆమెకు జవాబు తెలిసినా టీచరు ప్రశ్న పూర్తిచేసేదాకా చెయ్యి కదలదు. టీచరు మాట్లాడుతుండగా మధ్యలో గంట కొట్టడం ఆమె చదివిన బడుల్లో ఊహకు కూడా అందని పని. తీరా కొట్టాక లేచి నిలబడి, పమిట సర్దుకున్నట్టు స్వెటర్ సర్దుకుని, చేతులు కట్టుకునేది. అంతలో టైమ్ అయిపోయేది.

"కూర్చునే చెప్పు తల్లీ," అంది ప్రొఫెసర్.

"కూసుంటే యాదికి రాదు మేడమ్," అని ఆమె తెలుగులోనే అనేసి నాలిక కరుచుకుంది.

నాలుగో బల్ల కుర్రాళ్లలో ఎర్ర టోపీవాడు నవ్వాడు. "నిలబడితే ఎక్స్‌ట్రా పాయింట్ ఉందా?" అన్నాడు.

"మర్యాదకు పాయింట్లుంటే నీ స్కోరు ఎంతుండేదో ఆలోచించుకో, బాబూ," అన్నాడు మా పెద్దాయన. ప్రొఫెసర్ కూడా నవ్వింది.

వియత్నాం యుద్ధం ముగిసి సైగాన్ కూలిన ఏడాది అడిగినప్పుడు మా ఇద్దరి కళ్లూ పెద్దాయన చేతి మీదే ఉన్నాయి. ఆ చెయ్యి గంట పక్కనే ఉంది గానీ కదల్లేదు. ఎర్ర టోపీవాడు కొట్టి చెప్పేశాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు, "అప్పటికి నేను ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది మిస్ విజయవాడ. ఆ రోజు టీవీ పెట్టలేదు." తర్వాతి మూడు ప్రశ్నలూ ఆయనే వరసగా కొట్టి గెలిచాడు.

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన తేదీ అడిగారు. ఇది నాది. తెలిసిన సంగతి ఎవరికైనా కాస్త పొగరు తెస్తుంది. గంట కొట్టి, "జులై ఇరవై ఒకటి, పంతొమ్మిది వందల అరవై తొమ్మిది" అన్నాను.

"తప్పు," అంది ప్రొఫెసర్. నాలుగో బల్ల వెంటనే గంట కొట్టి "ఇరవై" అంది.

నేను ఊరుకోలేదు. మా వీధి అరుగు మీద రేడియో పెట్టుకుని పొద్దున్నే అంతా విన్నాం, సోమవారం, స్కూలుకి ఆలస్యమైనా మాస్టారు ఏమీ అనలేదు, ఇరవై ఒకటే అని వాదించాను. అప్పుడు మాకు పొద్దున్న, వీళ్లకు ముందు రోజు రాత్రి. అన్నేళ్లు పేపర్లో పనిచేసి కూడా అమెరికా తేదీలన్నీ మా తేదీలుగానే నా బుర్రలో ఉండిపోయాయని అప్పటికి గానీ నాకు తట్టలేదు.

"చంద్రుడి మీద నుంచి వాళ్లు మాట్లాడింది హ్యూస్టన్‌తో మేడమ్, విజయవాడతో కాదు," అంది ప్రొఫెసర్. గది గొల్లుమంది. మా పెద్దాయన బల్ల చరుస్తూ నవ్వాడు. నవ్వనిది ఒక్క నల్గొండ అమ్మాయే. నా వైపు తిరిగింది.

"అంటే ఆంటీ, మీరు కార్ల చెప్పినయన్నీ గింతేనా? అన్నిటికీ ఒక రోజు ఎక్కువేనా?"

"కొన్నిటికి అయ్యుంటుంది," అన్నాను.

"నేను మొత్తం గవ్వే బట్టీ వట్టిన ఆంటీ!"

ఆ అమ్మాయి తల దించుకుని ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు కదిలిస్తూ కూర్చుంది. మధ్యలో రెండు ప్రశ్నలు పోయాయి. ఆఖరి రౌండ్ వచ్చేసరికి నాలుగో బల్ల మాకంటే ఒక్క పాయింట్ ముందుంది. మిగతా రెండు బల్లలు ఎప్పుడో వెనకబడ్డాయి.

ఆఖరి రౌండ్‌లో గంట లేదు. ముందున్న రెండు బల్లల నుంచి ఒక్కొక్కరు బోర్డు దగ్గరికి రావాలి, ఏడు ఘటనల కార్డులు ఇస్తారు, ఏది ముందు ఏది తర్వాతో వరసగా అంటించాలి. జట్టువాళ్లు నోరు విప్పకూడదు. సరిగ్గా అంటించిన బల్లదే ఆట. ఎవరు రావాలన్నది ప్రొఫెసర్ చీటీ తీసి చెప్పింది. అటు ఎర్ర టోపీవాడు. ఇటు మా నల్గొండ అమ్మాయి.

ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. లేచి వెళ్లింది. ఎర్ర టోపీవాడు పేకముక్కలు వేసినట్టు టపటపా అంటించేసి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒక్కో కార్డూ చదివి, పెదవులు కదిలించి, అంటించింది. బడుల తీర్పు. చంద్రుడు. అధ్యక్షుడి రాజీనామా. సైగాన్. చివర బెర్లిన్ గోడ కూలడం. మధ్యలో ఖాళీ వదిలింది. చేతిలో రెండు కార్డులు మిగిలాయి. ఒకటి 1981లో కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం. రెండోది ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్ల విడుదల.

ఆ రెండు కార్డుల్నీ అటూ ఇటూ మార్చింది. మళ్లీ మార్చింది. ఆమె కళ్లు మూసుకుని, ప్రమాణ స్వీకారం ముందు పెట్టి, విడుదల తర్వాత అంటించింది.

రెండు బోర్డులకూ తేడా ఆ ఒక్కచోటే. ఎర్ర టోపీవాడు విడుదల ముందు పెట్టాడు.

"ఎందుకో చెప్పండి," అంది ప్రొఫెసర్ ఇద్దర్నీ.

ఎర్ర టోపీవాడు బాగానే చెప్పాడు. బందీల్ని విడిపించడానికి ఏడాది పైగా కష్టపడింది పాత అధ్యక్షుడు, కాబట్టి ఆయన దిగకముందే అది పూర్తయి ఉండాలి అన్నాడు. మా పెద్దాయన కూడా తెలియకుండానే తలూపాడు, మళ్లీ సర్దుకున్నాడు.

నల్గొండ అమ్మాయి చేతులు కట్టుకుంది. ఆ పిల్ల ఇంగ్లిష్‌లో అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. "మా ఆంటీ ఇండియాలో న్యూస్‌పేపర్‌లో పని చేసేది. అప్పుడే కొత్తగా చేరింది. మాకు అది రాత్రి. కొత్త ప్రెసిడెంట్ ప్రమాణం చేశాడని పెద్ద హెడింగ్ పెట్టి, సీసం అక్షరాలు పేర్చి పేజీ కట్టేశారు. అందరూ టీ తాగుతున్నారు. అప్పుడు వార్తలొచ్చే మెషిన్ గంట కొట్టింది. బందీల్ని వదిలేశారని వచ్చింది. వాళ్ల బాస్ టీ గ్లాసు కింద పెట్టి, పేజీ మొత్తం విప్పమన్నాడు. కట్టినాయన తిట్టుకుంటూ విప్పాడు. ముందు ప్రమాణం రాకపోతే విప్పడానికి పేజీయే లేదు కదా, మేడమ్."

క్లాసు నవ్వింది గానీ, ఈసారి నవ్వు వేరు. ప్రొఫెసర్ మాత్రం నవ్వలేదు. మార్కర్ మూత పెట్టి, ఆ రోజు తను హైస్కూల్లో పాఠం చెబుతున్నానని, క్లాసులోకి టీవీ తెప్పించుకుని చూశామని చెప్పింది. ప్రమాణం అయింది, ఉపన్యాసం అయింది, ఆ తర్వాత కొద్ది నిమిషాలకే బందీల విమానం బయల్దేరిందన్న కబురు వచ్చింది. "మూడో బల్ల," అంది.

పెద్దాయన లేచి, అంత పెద్ద మనిషీ, రెండు చేతులూ పైకెత్తి కేకపెట్టాడు. పక్క గది నుంచి ఎవరో తలుపు తీసి చూశారు. ఎర్ర టోపీవాడు వచ్చి ఆమెతో చెయ్యి కలిపి, "మీ ఆంటీని మాకు అద్దెకిస్తారా?" అన్నాడు.

"ఆమె డేట్లు తప్పు చెప్తది," అంది మా నల్గొండ అమ్మాయి.

పార్కింగ్ లాట్‌లోకి వచ్చాక అడిగాను, నా తేదీ తప్పని తేలాక కూడా నా మాట ఎలా నమ్మావని.

"తప్పైతే ఒక్కటేనా ఆంటీ, అన్నీ ఒక రోజు ముంగటికి జరుగుతయి. అన్నీ ఒక్కతీరుగ జరిగితే వరస మారదు గదా. బల్ల కాడ కూసుని గదే ఆలోచించిన. రెండూ ఒక్క రాత్రే మీ కాడికొచ్చినయి, ఏది ముందొచ్చిందో టీ తాగినోళ్లకు తెల్వదా?"

నాకంటే బాగా ఆలోచించింది. కారు స్టార్ట్ చేయకముందే నల్గొండలో అత్తగారికి ఫోన్ చేసింది. ఇక్కడ చీకటి పడింది, అక్కడ తెల్లవారింది. స్పీకర్‌లో ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది.

"గెలిస్తే ఏమిచ్చిన్రే?"

"పది మార్కులు అత్తమ్మా."

"గంతేనా? అమెరికాల గూడ కప్పు ఇయ్యరా?"

"సీటిస్తరు అత్తమ్మా. సీటు!"

"అయితే మంచిగనే ఇచ్చిన్రు. మీ మామకు చెప్త, పొద్దుగాల్నే నిద్ర లేపుత ఉండు."

ఫైనల్ పరీక్ష ఆమె తనకు తానే బాగా రాసింది. ఆ పది మార్కులతో కలిపి బి దాటి, ఎ అంచుల్లో ఆగింది. ఆ ఫలితం వచ్చిన సాయంత్రం పెద్దాయన తన భార్యతో కలిసి ఆమె ఇంటికి భోజనానికి వచ్చాడు. పప్పు అన్నంలో నెయ్యి వేసుకుని మూడుసార్లు తిని, మా అందరి గెలుపుకూ మజ్జిగ గ్లాసు ఎత్తాడు.

నర్సింగ్ సీటు వచ్చిందన్న ఉత్తరం వసంతంలో అందింది. ఆగస్టులో ఒక పొద్దున నేను వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తుంటే ఆమె కారు వచ్చి ఆగింది. తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. ముదురు నీలం యూనిఫాం, జేబులో పెన్ను, మెడలో స్టెతస్కోప్.

"క్లాసుకు లేటయితది ఆంటీ, దిగ. ఊకె చూపిద్దామని వచ్చిన," అంది. దిగకుండా ఉండలేకపోయింది. దిగి, రోడ్డు మీదే ఒకసారి చుట్టూ తిరిగి చూపించి, మళ్లీ కారెక్కి వెళ్లిపోయింది.