రెండో నంబరు

పాత తుపాకులు ఏయే చేతులు మారి వచ్చాయో వెతికి రాసివ్వడం ఆయన పని. వేలం కంపెనీ మేడమీద, ఒకే కిటికీ ఉన్న గదిలో, ముప్ఫై ఏళ్లుగా అదే పని. అరిగిపోయిన అంకెల మీద సుద్దపొడి రాసి, భూతద్దం పెట్టి చదివేవాడు. గొట్టం మీద ఒక నంబరు, ట్రిగ్గర్ పైన ఇనప రేకు మీద ఇంకొకటి ఉంటాయి. రెండూ లైసెన్సు రిజిస్టరులో కళ్లారా చూస్తే తప్ప నోరు విప్పడు. "టీ తాగారా అని అడిగితే, గ్లాసు చూసొచ్చి చెబుతారీయన" అని భార్య నవ్వేది.

ఒకరోజు ఎవరో సేకరణదారు తెచ్చిన వేట తుపాకీ గొట్టం మీద నంబరు చదవగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ నంబరు వాళ్లక్కకి కంఠతా వచ్చు.

పందొమ్మిదేళ్ల కిందట బావ ఒక క్లబ్బులో కాపలాదారు. అక్కడి అద్దాల పెట్టెలోంచి తుపాకీ మాయమైతే, బావే అమ్ముకున్నాడని కార్యదర్శి పోలీసులకు ఫిర్యాదిచ్చాడు. అందులో ఉన్నది గొట్టం నంబరొక్కటే. నేరం రుజువు కాలేదు, ఉద్యోగం మాత్రం పోయింది. చనిపోయేదాకా బావ వీధిలో తలెత్తి నడవలేదు. అక్క ఆయన్ని ఏనాడూ "అమ్మావా?" అని అడగలేదు. అమ్మలేదని నమ్ముతున్నట్టూ చెప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ ఆమె గుండెలో ముల్లులా ఉంది.

సేకరణదారు చూపించిన రసీదులో, అమ్మినవాడు ఆ కార్యదర్శి అల్లుడు.

సాయంత్రం అక్కకి చెప్పాడు. గుండె జబ్బుతో మంచం పట్టిన మనిషి లేచి కూర్చుంది.

"అయితే మీ బావ అమ్మలేదనేగా?"

"రెండో నంబరు కూడా రిజిస్టరులో చూడాలక్కా. గొట్టాలు ఊడదీసి వేరే తుపాకీకి బిగిస్తుంటారు."

"నాకు కాగితం వద్దురా. నీ మనసులో ఏముందో ఒక్క మాట చెప్పు."

"చూసొచ్చి చెబుతాను."

"పోనీలే. నేనూ ఆయనతో అంతేగా" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

లైసెన్సుల ఆఫీసు వేరే ఊళ్లో ఉంది. రిజిస్టర్లు చూసే గుమాస్తా సెలవులో ఉన్నాడు, బీరువా తాళం అతని దగ్గరే ఉంది. నాలుగు రోజులు ఈయన అక్కడి వరండా బల్ల మీద కూర్చున్నాడు. ఐదో రోజు గుమాస్తా వచ్చాక పుట దొరికింది. రెండు నంబర్లూ సరిపోయాయి. ఫిర్యాదుకి ఇరవై రోజుల ముందే, కార్యదర్శి స్వయంగా సంతకం పెట్టి ఆ తుపాకీని అల్లుడి పేరుకి మార్పించాడు. అక్కకి ఫోన్ చేద్దామనుకున్నాడు. ఆ పుట నకలు తీసుకెళ్లి చేతికే ఇస్తే బాగుంటుందని మానుకున్నాడు.

బస్సులో ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. అక్క పోయింది.

ఇంటికెళ్లి నకలు మేనకోడలికిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"అమ్మ అడిగిన రోజున మీకు తెలుసా మావయ్యా?"

ఆయన నకలు మీది రెండో నంబరు దగ్గర వేలు పెట్టాడు.

"ముప్పాతిక వంతు తెలుసమ్మా."

"అది చాలేది" అంది ఆమె. కాగితం తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, తల్లి మంచం మీది దుప్పటి మడవడానికి లోపలికి వెళ్లింది.