మంజీరల రెక్కల బోటు

గా బోటు ఇప్పటికీ అక్కోళ్ల ఊరి రేవులనే ఉంది. నీలం పట్టా కప్పిండ్రు. పట్టా మీద కొంగలు రెట్టలేస్తయి, దాని నీడకు కుక్కలు పంటయి. పక్కపొంటి పోయినప్పుడల్లా నేను మొఖం తిప్పుకుంట. దాన్ని చూస్తే నాకు రోత.

అక్కది మంజీర అవతలి ఒడ్డు, నాది ఖేడ్ దిక్కు. అక్కకు రెండు కిడ్నీలు ఖరాబైనయి. వారానికి రెండుసార్లు ఖేడ్ దవాఖానల మిషన్ మీద రక్తం కడిగియ్యాలె. బ్రిడ్జి మీదికెల్లి తిరిగొస్తే ఆటోల గంటన్నర, అందుల సగం గుంతలే. దిగినంక దవాఖాన మెట్ల మీద నడుము పట్టుకొని కూసునేది. అదే నీళ్ల మీదికెల్లి వస్తే నాలుగు జొన్నరొట్టెలు కాల్చేంత సేపట్ల ఇవతల ఉంటది.

పడవ నడిపే పెద్దమనిషిని మామ అనేటోళ్లం. సుట్టం కాదు, అయినా మామనే. ఆయన కర్రపడవల మేకలెక్కేవి, పత్తి మూటలెక్కేవి, సైకిల్ మోటరు గూడ ఎక్కేది. అక్క వచ్చేనాడు మాత్రం పలక మీద గడ్డి పరిచి, గోనెసంచి ఏసి, "రా బిడ్డా, నీ పరుపు తయారు" అనేటోడు.

శివరాత్రి పోయినంక బోటు కంపెనీ సారొకాయన వచ్చిండు. తెల్ల బూట్లు. బురదల పెట్టొద్దని ఒక రాయి మీదనే నిలవడి చెప్పిండు.

"ఇది కరెంటు బోటు అమ్మా. పొగ ఉండదు, చప్పుడు ఉండదు. కింద రెక్కలుంటాయి. స్పీడు అందుకుంటే నీళ్ల మీదికి లేస్తుంది. రెండు నిమిషాల్లో అవతల ఉంటారు."

"మేకలెక్కుతయా సారూ?" అన్నడు మామ.

"ఎక్కకూడదండి. మూటలు కూడా వద్దు. బరువెక్కువైతే లేవదు."

"మా వదినె ఎక్కితే లేస్తదా?" అని ఒకామె తన వదినెను చూపెట్టింది. అందరం నవ్వినం. వదినె గూడ నవ్వింది.

మామ నవ్వలే. రేవు కాడ నీళ్లు మోకాలి లోతే, నడుమల తుమ్మమోడులున్నయి, గుర్రపుడెక్క ఉంది, వలలున్నయి, నీ రెక్కలు యాడికెల్లి పోతయని అడిగిండు. "అన్నీ సర్వే చేశాం" అన్నడు సారు. ఎన్నడు చేసిండో, ఏ రాయి మీద నిలవడి చేసిండో.

ఫోటోలల్ల కర్రపడవ కనిపియ్యద్దని రేవు నుంచి తీసెయ్యమన్నరు. మామ దాన్ని గుంజి గట్టు మీద బోర్లేసిండు. "కర్రపడవ నీళ్లల్ల ఉంటెనే పడవ. ఎండకు పెడితే పలకలు ఇచ్చుకుంటయి" అని మొత్తుకున్నడు. ఎవరూ ఇనలే. నేను గూడ ఇనలే. అక్క నడుముకు సుఖమైతదని నా ఆశ నాది. నెల రోజులు పడవ ఎండల మాడింది, అక్క ఆటోల గుంతల మీద ఎగిరింది.

ఉగాది దాటినంక బోటు దించిండ్రు. ఆ రోజు అక్క దవాఖాన రోజే. "రోగి మొదటి ప్రయాణం అంటే ఫోటో బాగుంటుంది" అన్నడు సారు. ఆ మాటకే నాకు రోత పుట్టింది. అయినా అక్క దవాఖాన సంచి సర్దిన.

మా దిక్కు కొత్త ట్రాక్టర్ తెచ్చినా, ఆటో తెచ్చినా, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, ముందట రవికగుడ్డ కడతం. ఇది నీళ్ల మీద పొయ్యేది, గంగమ్మకు ఒడి నింపాలె కద. పచ్చ రవికగుడ్డల ఐదు పిడికిళ్ల బియ్యం, పసుపుకొమ్ము మూటగట్టి తెచ్చిన. ఒడ్డుకున్నప్పుడు బోటు రెక్కల కాళ్లు పైకి మడిచి ఉండె. అందుట్ల వెనుక కాలు నాకు దగ్గరుండె. దానికే మూడు ముళ్లేసి కట్టిన. ట్రాక్టర్ బంపరు నీళ్లల్లకు పోదు కద. ఇది పోతదని నాకేం ఎరుక? సారు ఫోటోల దిక్కున్నడు, చూడనే లేదు.

అప్పటికే గట్టు మీద పెద్దోళ్ల దావత్ నడుస్తుంది. మేక కూర తిన్న పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గిలాసలు నీళ్లల్లకే ఇసిరేస్తున్నరు. బొక్కలు, నూనె తెట్టె రేవంత తేలుతున్నయి. గవే నీళ్లు మా బిందెలల్లకు వస్తయి. థూ.

తర్వాత బోటును లోతుకు తోసి నిలవెట్టిండ్రు, దాని దాక తొడల లోతు బురదల నడవాలె. అక్కను ఇద్దరు ఆడోళ్లు రెక్కలు పట్టి ఎక్కిచ్చిండ్రు. చీర తడిసి ముద్దయ్యింది.

ఒక్క మాట నిజం చెప్పాలె. బోటు లేచింది. లోతుకు పోయినంక మడిచిన కాళ్లు నీళ్లల్లకు దించి, స్పీడందుకొని, కొంగ లేచినట్టు లేచింది. ఊపు లేదు, కుదుపు లేదు. అక్క నా చెయ్యి పట్టి, "చెల్లే, నడుమే ఉన్నట్టు లేదే" అన్నది.

అంతల కింద గర్రుమన్నది. బోటు దబ్బున నీళ్ల మీద పడ్డది. అక్క ముందుకు పోయి పడ్డది, సీటు మీదనే కక్కింది. సారు ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకొని, వాసన పోయే మందు సీసా తీసి సీటు మీద కొట్టుడు మొదలువెట్టిండు. అక్క ఇంకా దాని మీదనే ఉంది.

"సారుకు చెప్పు, చుట్టూర నీళ్లే, తర్వాత కడుక్కోమను" అన్నది అక్క, మూతి తుడుచుకుంట.

వెనుక కాలు లేపి చూసిండ్రు. కాలు కొసకు, బోటును నడిపే ఫ్యానుకు నా పచ్చ గుడ్డ చుట్టుకొని ఉంది. దాని మీద గుర్రపుడెక్క, దాని మీద వల తాడు, అండ్ల ఇరుక్కొని ఒక ప్లేటు.

"ఎవరు కట్టారమ్మా ఇది? ఈ జనానికి ఎంత టెక్నాలజీ తెచ్చినా ఇంతే" అన్నడు సారు.

"నేనే కట్టిన," అన్న. "మరి ప్లేటు గూడ నేనే కట్టిన్నా?"

సారు ఫోన్ల ఎవరితోనో మాట్లాడుకుంట ఉన్నడు. ఎండెక్కింది. అక్క కాళ్లు ఉబ్బినయి. నా చేతులు చూసుకుంటే నాకే చీదరైంది, గవే చేతులు మూడు ముళ్లేసినయి.

ఒడ్డున మామ పడవ ముట్టుకుంటే పలకల నడుమ చేతి ఏళ్లు దూరుతున్నయట. చేపలోళ్ల గుండ్రటి పుట్టి పడవ అడుక్కొని తెడ్డేసుకుంట వచ్చిండు. అందుల ముగ్గురి కంటె పట్టరు. "సార్ను గూడ ఎక్కియ్యాల్నా?" అన్నడు. "ఆయనకు రెక్కలున్నయి," అన్నది అక్క.

దవాఖానకు పోయేసరికి మా వంతు దాటింది. అందరిదీ అయినంక, పొద్దుగూకే ముందు అక్కకు మిషన్ దొరికింది. అంతదాక బెంచి మీద ఆమె తల నా ఒడిలనే.

సారు మళ్లొకసారి వచ్చిండు. రేవు లోతు తవ్వాలన్నడు, డెక్క తియ్యాలన్నడు, వలలు బంద్ చెయ్యాలన్నడు. చార్జింగ్ పెడితే ఊర్ల మోటర్లు గుంజుతలేవని రైతులు తీగె పీకిండ్రు. అంటే బోటుకు పనికొచ్చే నది కావాలె, ఊరు కావాలె, మనుషులు కావాలె. మాకు పనికొచ్చే బోటు మాత్రం ఆయన కాడ లేదు.

మామ పడవ పలకల నడుమ దూదిపేలికలు కుక్కి, తారు పూసి, రాళ్లు నింపి మంజీరల ముంచిండు. నీళ్లు తాగి కర్ర ఉబ్బాలె. అక్క ఆటోల పోవుకుంట ప్రతిసారి ఫోన్ చేసి అడిగేది, "చెల్లే, పడవ తాగిందా?" అని. "ఇంకా తాగుతుంది అక్కా" అనేదాన్ని.

మూడు వారాలకు తేలింది. ఇంకా కారుతనే ఉంది. గడ్డి మీద అక్క కూసున్నది, నేను నూనె డబ్బతోని నీళ్లు ఎత్తిపోస్తున్న. పట్టా కప్పిన బోటు పక్కకెల్లి పోతుంటే నా నోరు ఉమ్మితోని నిండింది. ఊంచబోయిన.

"నీళ్లల్ల ఊంచకు బిడ్డా," అన్నడు మామ. "తాగుతం."

మింగిన. డబ్బ తీసి మళ్లా నీళ్లు ఎత్తిపోసిన.